తంజావూరు నగర కళలు : క్షీణయుగ వాద పునర్విచారము

కృష్ణదేవరాయల అనంతరకాలపు ఆంధ్ర వాఙ్మయమును యుగములుగా విభజించిన చరిత్రకారులలో పలువురు, 1600 మొదలు 1775 వఱకు గల కాలమునకు దక్షిణాంధ్ర యుగమనియు, 1775 మొదలు 1875 వఱకు గల కాలమునకు క్షీణయుగమనియు పేరులిడిరి. ఈ విభజన మన పాఠ్యగ్రంథములలో స్థిరపడినది. ఉపాధ్యాయులు దానినే బోధించుచున్నారు. విద్యార్థులు పరీక్షలయందు దానినే వ్రాయుచున్నారు. కాని ఒక యుగము క్షీణించినదని నిర్ణయించుటకు ముందు, క్షీణించినది ఏది, దేనితో పోల్చి అట్లనుచున్నాము, ఎచ్చట నిలిచి చూచుచున్నాము అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసియున్నది. మొదటి రెండింటిని గూర్చి మన విద్వాంసులు చాలవఱకు చర్చించిరి. మూడవదానిని గూర్చిన చర్చ తక్కువ. ఈ వ్యాసమున మేము ఆ మూడవ ప్రశ్ననే చేపట్టుచున్నాము.

గ్రంథాలయమున కూర్చుండి మనుచరిత్ర, వసుచరిత్రముల పిమ్మట ముద్రిత ప్రబంధములను వరుసగా చదువుకొనిపోవువానికి కథ నానాటికి పలుచబడినట్లును, వర్ణనలు పాతవానికి నకళ్లయినట్లును తోచును. అది కంటిభ్రమ కాదు. కాని అదే కాలమును గ్రంథము ముందుంచుకొని గాక నగరము ముందుంచుకొని చూచినచో ఏమి కనబడును? తంజావూరును సందర్శించి, అచటి ఆలయము, రాజప్రాసాదము, పుస్తక భాండాగారము, వీధులు, పరిసర గ్రామములు అను క్రమమున ఆ నగరపు కళలను పరిశీలించిన మాకు తోచిన అంశములను ఇచట మనవి చేయుచున్నాము. ఆ కాలమున తెలుగు నశింపలేదు. పుటను విడిచి రంగస్థలమునకును, గానమునకును, నాట్యమునకును తరలిపోయినది. ఇది మా ప్రతిపాదనము.

ముందుగా రాజకీయ క్రమమును సంగ్రహముగా స్మరింతము. 1532 ప్రాంతమున సేవప్ప నాయకునితో తంజావూరున నాయక రాజ్యము వెలసినది. అతని పిమ్మట అచ్యుతప్ప నాయకుడును, 1600 మొదలు 1634 వఱకు రఘునాథ నాయకుడును, తరువాత విజయరాఘవ నాయకుడును ఏలిరి. 1673లో మధుర నాయకుల దండయాత్రలో విజయరాఘవుడు మరణించెను. అటుపిమ్మట కొలదికాలములోనే శివాజీ మహారాజునకు సవతి సోదరుడైన ఏకోజీ నగరమును వశపఱచుకొనెను. నాటి నుండి 1855 వఱకు మరాఠ భోసల వంశీయులు పరిపాలించిరి. 1799 సంధితో నిజమైన అధికారము ఆంగ్లేయుల కంపెనీ చేతికి పోగా, రాజునకు కోటయు, నగర పరిసరములును మాత్రమే మిగిలినవి. తమిళ దేశము నడుమ, ముందు తెలుగు రాజులు, పిదప మరాఠీ రాజులు. రెండు వంశముల కాలమునను కళలకు ప్రధాన భాషలలో ఒకటిగా తెలుగు నిలిచినది. ఈ వింతకు కారణమును నగరమే చెప్పగలదు.

తంజావూరును చూడవచ్చినవాడు మొదట పోవునది పెద్ద కోవెలకు. రాజరాజ చోళుడు నిర్మింపజేయగా 1010లో పూర్తియైన బృహదీశ్వరాలయమిది. దీనియందు తెలుగు పరిశోధకునకు పని యేమని కొందఱు అడుగవచ్చును. పని కలదు. ఈ నగరమున కళ ఎట్లు బ్రతికినదో తెలుపు మూడు సాక్ష్యములు ఈ కోవెలలోనే ఉన్నవి. మొదటిది శాసనము. చోళదేశపు ఆలయముల నుండి ఇంచుమించు 400 మంది నాట్యకత్తెలను రప్పించి, వారికి ఇండ్లును ధాన్యపు పాళ్లును ఏర్పఱచి, పేరు పేరు వరుసను రాజరాజు గోడపై చెక్కించెను. రెండవది శిల్పము. విమానపు పై అంతస్తున భరతశాస్త్రోక్తములైన 108 కరణములను చెక్కుటకు పూనుకొని 81 మాత్రము పూర్తిచేసిరి. తక్కిన పలకలు నేటికిని ఖాళీగానే యున్నవి. మూడవది చిత్రలేఖనము. గర్భాలయము చుట్టునున్న చీకటి ప్రదక్షిణ మార్గమున గోడలపై నాయక కాలపు వర్ణచిత్రము లుండెడివి. 1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్. కె. గోవిందస్వామి వాని క్రింద చోళుల కాలపు చిత్రములు దాగియున్నవని కనుగొనెను. తరువాతి కాలమున పురావస్తు శాఖవారు పై పొరను చెఱుపక, దానిని మెల్లగా ఊడదీసి వేరు ఫలకములపై అతికించి, క్రింది పొరను వెలికి దీసిరి.

ఈ మూడవ సాక్ష్యము మాకు పరిశోధన పద్ధతినే బోధించినట్లయినది. తెలుగువారమైన మనము తంజావూరునకు పోయినపుడు నాయకుల పొరను మాత్రమే చూచి ‘ఇది మనది’ అని తృప్తిపడి తిరిగివచ్చుట కలదు. తమిళ సోదరులు కొందఱు ఆ పొరను తొలగింపదగిన పూతగా ఎంచుటయు కలదు. రెండును సరికావు. నాయకుల కాలపు తెలుగు పాట ఖాళీ నేలపై మొలచినది కాదు. 400 మంది నర్తకీమణులను నిలిపిన ఆలయ సంప్రదాయము, ఆరు వందల ఏండ్లకు పైగా ఆ నేలను సాగుచేసి యుంచినది. ఆ నేలయందు తెలుగు విత్తనము పడినది.

కోవెల నుండి రాజప్రాసాదమునకు పోదము. నాయకులు ఆరంభింపగా మరాఠులు పెంచిన కట్టడమిది. నాయకుల దర్బారు మందిరమున 1951లో నెలకొల్పబడిన కళాశాలయందు నేడు చోళుల కాలపు కంచు విగ్రహములు కొలువుదీరియున్నవి. ఒకప్పుడు ఈ ప్రాసాదముననే రఘునాథ నాయకుని సాహితీసభలు జరిగెడివి. చేమకూర వేంకటకవి విజయవిలాసమును రఘునాథునకే అంకిత మొసగెను. రఘునాథుడు తాను కవియే గాక వైణికుడు. అన్ని రాగములను ఒకే వీణపై పలికింపగలుగునట్లు మెట్లను స్థిరపఱచిన రీతికి అతని పేరే నిలిచినది. అతని మంత్రి గోవింద దీక్షితుడు సంగీత శాస్త్రవేత్త. దీక్షితుని కుమారుడు వేంకటమఖి విజయరాఘవుని కాలమున చతుర్దండీప్రకాశికను సంస్కృతమున రచించి 72 మేళకర్తల ప్రణాళికను నిరూపించెను. తరువాతి దక్షిణ సంగీతమంతయు ఆ ప్రణాళికపై నడచినది.

విజయరాఘవుని కాలము మన విచారమునకు ముఖ్యము. అతడు యక్షగానములను రచించెను. అతని ఆస్థాన కవయిత్రి పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించెను. ప్రబంధముగా ఆమె వ్రాసిన ఆ కథయే యక్షగానముగ కూడ ఉండుట గమనింపదగినది. ఒకే వస్తువు చదువుకొనుటకు ఒక రూపమును, ఆడుటకు వేఱొక రూపమును పొందినది. ప్రబంధము నుండి రంగస్థలమునకు తెలుగు సాగించిన ప్రయాణము ఒకే రచయిత్రి చేతిలో జరుగుట ఇచట ప్రత్యక్షముగ చూడవచ్చును. కృష్ణాతీరపు మువ్వ గ్రామమునకు చెందిన క్షేత్రయ్య తంజావూరునకు వచ్చినది ఈ విజయరాఘవుని కాలముననే. మధుర, తంజావూరు, గోలకొండ రాజసభలను దర్శించిన ఈ పదకర్త కూడ ఈ నగరమునకు ఒక సందర్శకుడే. అతడు వచ్చి చూచిపోయెను. అతని పదములు మాత్రము ఇచటనే నిలిచిపోయినవి. వానిని నిలిపినవారు పండితులు గారు, నర్తకీమణులు. పుట్టిన సీమకంటె చేరిన సీమయందే అవి ఎక్కువ శ్రద్ధగా పాడబడినవన్నచో అతిశయోక్తి కాదు.

ప్రాసాదపు ఆవరణముననే సరస్వతీ మహలు గ్రంథాలయము కలదు. నాయకుల కాలమున మొదలై, మరాఠ రాజులలో రెండవ శరభోజి (1798–1832) శ్రద్ధచే విస్తరిల్లి, 1918లో ప్రజల గ్రంథాలయమైన భాండాగారమిది. ఇందు సంస్కృత ప్రతులే అత్యధికము. వానికి బర్నెల్ దొర కూర్చిన పట్టిక 1880లో ప్రకటితమైనది. తెలుగు ప్రతులు కొన్ని వందలున్నవి. వానిలో కావ్యములకంటె యక్షగానములును, పదములును, నాటకములును మన దృష్టిని ఎక్కువగా ఆకర్షించును. ఏకోజీ కుమారుడైన షాహజీ 1684 మొదలు 1712 వఱకు ఏలెను. ఇంటిభాష మరాఠీ యైన ఈ రాజు తెలుగున పెక్కు యక్షగానములను, పల్లకీ సేవా ప్రబంధమును రచించెను. పంచభాషా విలాసమను అతని నాటకమున సంస్కృతము, తమిళము, తెలుగు, మరాఠీ, హిందీ అను అయిదు భాషలు ఒకే రంగముపై పలుకును. ఆ నగరమున చూపరుల గుంపు ఎట్టిదో ఊహించుటకు ఇంతకంటె మంచి ఆధారము దొరకదు. ఏ భాషవాడు తన భాషను వినగోరి వచ్చునో ఆ భాష రంగముపై ఉండవలెను. వానినన్నిటిని కలిపి నడపు గేయభాషగా తెలుగు పనిచేసినది. రాజు మాతృభాష కాకయు, ప్రజల వాడుకభాష కాకయు, కళాకారులందఱికిని ఉమ్మడి భాషయగుట తెలుగునకు తంజావూరున కలిగిన విశేషస్థితి.

ఇట్టి రచనలను పద్యశిల్పముతో మాత్రమే తూచినచో అవి తేలిపోవును. రాగతాళముల పేర్లతో, దరువులతో, పాత్రప్రవేశములతో నిండిన యక్షగాన ప్రతి తనంత తాను పూర్తి గ్రంథము కాదు. అందు సగము మాత్రమే వ్రాతలో నున్నది, తక్కిన సగము గాయకుని గొంతుననో నర్తకి పాదముననో ఉండెడిది. ఇల్లు కట్టుటకు గీసిన పటమును చూచి ఇందు నివసించుట కష్టమనువాని తీర్పు ఎట్టిదో, యక్షగానమును ప్రబంధపు కొలతతో కొలచువాని తీర్పు అట్టిది.

ప్రాసాదము నుండి పడమటి వీధికి వచ్చినచో, క్షీణయుగమని చెప్పబడు కాలమున నడిబొడ్డునకే చేరుదుము. ఈ వీధిలో బంగారు కామాక్షి ఆలయమున్నది. కంచి నుండి తరలివచ్చిన ఆ దేవతకు అర్చకుడై శ్యామశాస్త్రి (1762–1827) తన కృతులను రచించెను. అవి హెచ్చుగా తెలుగువే. అంతకుముందు నాట్యమునకు మాత్రమే పరిమితమై యుండిన స్వరజతిని ఆయన గానసభకు తగిన గంభీర రచనగా మార్చెను. భైరవి, తోడి, యదుకులకాంభోజి రాగములలోని ఆయన స్వరజతులు మూడును తెలుగు రచనలే. ఆ వీధిలోనే చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అను నలుగురు సోదరుల ఇల్లు కలదు. ముత్తుస్వామి దీక్షితుని శిష్యులైన వీరు నేడు భరతనాట్యమని మనము పిలుచుదాని కచేరీకి అలరింపు, జతిస్వరము, శబ్దము, వర్ణము, పదము, తిల్లాన అను క్రమమును ఏర్పఱచిరి. వీరు తమిళులు, ఐనను వీరి రచనలలో అధిక భాగము తెలుగు. నేడు ప్రపంచమున ఏ దేశముననైనను భరతనాట్యము నేర్చు బాలిక మధ్యలో అభినయించు వర్ణము పలుమార్లు తెలుగు వర్ణమే యగుటకు మూలము ఈ వీధిలోనున్నది. ఈ సోదరులలో పెద్దవాడు 1802లో జన్మించెను. అనగా వీరి జీవితములు సంపూర్ణముగ 1775–1875 నడుమనే ఇమిడియున్నవి.

కళ యన గానము, నాట్యము మాత్రమే కాదు. నగరమున తిరుగువానికి పనివారల చేతులు కూడ కనబడును. పనస చెక్కపలకపై గుడ్డ నతికించి, సుద్దయు జిగురును కలిపి పూసి, ఉబ్బెత్తుగా తీర్చి, బంగారు రేకును, గాజు రాళ్లను పొదిగి, పిదప రంగులు నింపెడి తంజావూరు చిత్రకళను పోషించిన కుటుంబములలో తెలుగు మాటలాడు రాజు కులపువారు ముఖ్యులు. విజయనగర పతనానంతరము చిత్రకారులు దక్షిణమునకు వలసపోయి మొదట నాయకులను, తరువాత మరాఠులను ఆశ్రయించిరని సంప్రదాయము. ఏనుగులెక్కిన రాజుల చిత్రములకంటె వెన్నముద్దను చేతబట్టిన బాలకృష్ణుని చిత్రములే వీరికి ఎక్కువ పేరు తెచ్చినవి. వీణలు చేయువారు కూడ పనస మ్రానునే వాడుదురు. 24 మెట్లుగల తంజావూరు వీణ, రఘునాథుని కాలపు ఆలోచనకు కొయ్యలో నిలిచిన రూపము. ఈ వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. గ్రంథములు క్షీణించుచున్నవని మనమనుకొను కాలమున ఈ చేతులు ఊరకుండలేదు.

నగరమునకు ఉత్తరమున సుమారు 13 కిలోమీటర్ల దూరమున కావేరీతీరమున తిరువయ్యారు కలదు. 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున పెరిగి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందిన త్యాగరాజస్వామి జీవితము కూడ క్షీణయుగములోనిదే. ఆయన పంచరత్న కృతులలో మొదటిది సంస్కృతము. తక్కిన నాలుగును తెలుగు. ప్రహ్లాద భక్తివిజయము, నౌకాచరిత్రము అను రెండు గేయనాటకములను కూడ ఆయన రచించెను. మన వాఙ్మయ చరిత్రలలో ఆయనకు దొరకిన స్థలమెంత? సంగీతజ్ఞుడని ఒక వాక్యముతో ఆయనను ప్రక్కకు పంపి, ఆ తరువాత ఆ కాలమున గొప్ప కవి లేడని తీర్పు చెప్పుట న్యాయమా? పేర్లను తీసివేసి, తరువాత శూన్యమున్నదని చెప్పుటవంటిదిది.

తిరువయ్యారున త్యాగరాజ సమాధికి అభిముఖముగా ఒక స్త్రీ విగ్రహమున్నది. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). శిథిలమై యుండిన సమాధి ప్రదేశమును తన ధనముతో సంపాదించి ఆలయము కట్టించినది, స్త్రీలు పాడుటకు అనుమతిలేని ఆరాధనలో వారికి చోటు సంపాదించినది ఆమెయే. ఆమెకు తెలుగు సాహిత్యముతో మఱియొక సంబంధము కూడ కలదు. ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును సరియైన ప్రతులతో పరిష్కరించి 1910లో వావిళ్ల వారిచే ప్రకటింపజేసినది ఆమెయే. ఆ కావ్యము అసభ్యమని కందుకూరి వీరేశలింగము పంతులు గారు నిరసించియుండిరి. ప్రభుత్వము దానిని 1911లో నిషేధించినది. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. తంజావూరు పదకవితను మూడు శతాబ్దములు తమ గొంతులలో దాచిన నర్తకీకులమునకు చెందిన స్త్రీయే, తంజావూరు కావ్యమునకును, త్యాగరాజు సమాధికిని రక్షకురాలైనది. క్షీణయుగమను తీర్పు వెనుక సాహిత్య విలువలే గాక, ఆ సాహిత్యమును నిలిపిన స్త్రీలపై నాటి సంఘమునకుండిన చిన్నచూపు కూడ పనిచేసినదని మా అభిప్రాయము. ఆ తీర్పును మఱల విచారింపవలయుననుటకు ఇది యొక ముఖ్య కారణము.

తంజావూరు జిల్లాలోని మెలట్టూరు గ్రామమున ఏటేట నృసింహ జయంతి సమయమున వరదరాజస్వామి ఆలయము ఎదుట భాగవతమేళ నాటకములు జరుగును. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు ఈ గ్రామమును దానము చేసెనని ప్రసిద్ధి. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రమును పురుషులే స్త్రీవేషములు కూడ ధరించి ఆడుదురు. నృసింహుని ముఖపు తొడుగును పూజించి గాని ధరింపరు. వాడుకలో తమిళమే మాటలాడుచు, తెలుగు దరువులను రాత్రియంతయు పాడు ఈ భాగవతులు మా ప్రతిపాదనమునకు సజీవ సాక్షులు. మన కూచిపూడికి వీరితోగల చుట్టఱికమును ఇంకను లోతుగా పరిశోధింపవలసియున్నది.

ఇచట రెండు ఆక్షేపణలు రావచ్చును. పద్యకావ్యము క్షీణించిన మాట నిజము గాదా యన్నది మొదటిది. నిజమే. అనుకరణము, శ్లేషవ్యామోహము, శృంగారపు పునరుక్తి ఆ కాలపు ప్రబంధములలో కలవు. వానిని సమర్థింపబూనుట మా ఉద్దేశము కాదు. ఒక ప్రక్రియ క్షీణించుట వేఱు, యుగము క్షీణించుట వేఱు అనియే మా వాదము. రెండవ ఆక్షేపణ తమిళుల పక్షమునుండి వచ్చునది. తెలుగు కృతుల ప్రాబల్యము వలన తమిళ పాటకు తమిళ దేశపు సభలలోనే చోటు చాలకపోయినదని 1940ల నాటి తమిళ ఇసై ఉద్యమము వాదించినది. ఆ బాధ న్యాయమైనదని మనము ఒప్పుకొనవలెను. తంజావూరు తెలుగును మన విజయముగా చాటుకొన్న కొలది ఆ కళను పెంచిన నేలకు అన్యాయము చేసినవారమగుదుము. పెద్ద కోవెల గోడపై రెండు పొరలను రక్షించిన పద్ధతియే చరిత్రకారునకును శరణ్యము.

ఈ విచారము వలన ఉపాధ్యాయులకును, పరిశోధక విద్యార్థులకును కలుగు కర్తవ్యములను చెప్పి ముగింతుము. 1775–1875 కాలమును బోధించునపుడు త్యాగరాజు, శ్యామశాస్త్రి, తంజావూరు సోదరులు మొదలగు వాగ్గేయకారులను సాహిత్యకర్తలుగనే చెప్పవలెను. యక్షగాన ప్రతులను పరిష్కరించువారు సంగీత నాట్యములు తెలిసినవారిని ప్రక్కనుంచుకొని పని చేయవలెను. ఒంటరిగా పద్యదోషములు దిద్దుట చాలదు. దక్షిణ దేశ విషయమున పరిశోధన చేయగోరు విద్యార్థి తమిళమును, గ్రంథలిపిని నేర్వవలెను. ఇందొక ఆచరణ సంబంధమైన కారణము కూడ కలదు. తెలుగు పదములను గాయకులు పలుమార్లు తమిళ లిపిలో వ్రాసికొనిరి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు నాలుగింటికిని ఒకే యక్షరము. కావున ప్రతి నుండి ప్రతికి మాటలు మాఱిపోయినవి. ఏ పాఠభేదము లిపి వలన వచ్చినదో, ఏది గాయకుని ఇచ్ఛ వలన వచ్చినదో తేల్చుటకు రెండు లిపులును తెలిసిన పరిష్కర్త కావలెను. తెలుగు, తమిళములు రెండును చదువగలవారి సంఖ్య మన శాఖలలో ఏటేట తగ్గుచున్నది. ఈ పని ఆలస్యమైన కొలది, పాఠమును గొంతున నిలుపుకొన్న వృద్ధ కళాకారులు మనకు దూరమగుదురు; తాళపత్రమువలె వారిని భాండాగారమున భద్రపఱచుట సాధ్యము కాదు.

కాలమునకు ఏ పేరైనను పెట్టవచ్చును. తంజావూరు పడమటి వీధిని, మెలట్టూరు రంగమును, తిరువయ్యారు కావేరీతీరమును చూచిన పిమ్మట క్షీణమను విశేషణమును ఆ కాలమునకు చేర్చుటకు మాకు మనస్సొప్పుట లేదు. పాఠ్యప్రణాళికలను దిద్దువారు ఈ విషయమును ఆలోచింతురు గాక.